మంచు చిరుత మ్యాప్‌లో ఖాళీ చోటు ఏం చెబుతుంది?

[తెర మీద: హిమాలయాల మ్యాప్, అక్కడక్కడా ఎర్ర చుక్కలు]

ఒక్కో చుక్క మంచు చిరుత జాడ దొరికిన చోటు. మరి చుక్క లేని చోట చిరుత లేనట్టేనా? అక్కడే బోల్తా పడతాం. చిరుత నిజంగానే లేకపోవచ్చు, లేదా అటువైపు ఎవరూ వెళ్లి ఉండకపోవచ్చు. మ్యాప్‌లో మాత్రం రెండూ ఖాళీయే.

[క్లోజప్: రాళ్ల మధ్య అమర్చిన కెమెరా ట్రాప్]

ఈ జంతువు కంటపడటం అరుదు కాబట్టి గుర్తుల వెంట వెళ్తారు. అది కొండ అంచుల వెంట నడుస్తూ వెనక కాళ్లతో మట్టిని గీరి చిన్న గుంట చేస్తుంది, పక్కన బండ మీద మూత్రం చిమ్ముతుంది. వేడినీ కదలికనూ పసిగట్టి తనంతట తానే ఫొటో తీసే కెమెరాను ఆ దారిలోనే పెడతారు. ఎండకు కాగిన రాళ్ల దగ్గర గడ్డి ఊగినా అది క్లిక్కుమంటుంది, అదో గోల! మలం దొరికితే డీఎన్ఏ పరీక్ష చేయాల్సిందే. నక్కదో చిరుతదో చూపుతో తేల్చబోతే అనుభవం ఉన్నవాళ్లూ పొరబడతారు.

[తెర మీద: 0.7 × 0.7 × 0.7 × 0.7 × 0.7]

ఇప్పుడు చిన్న లెక్క. చిరుత ఉన్న లోయకు ఒకసారి వెళ్తే జాడ దొరికే అవకాశం 30 శాతం అనుకుందాం. దొరక్కపోయే అవకాశం 70 శాతం, అంటే 0.7. ఐదుసార్లు వెళ్లినా ఏమీ దొరక్కపోయే అవకాశం దాదాపు 17 శాతం. అంటే అలాంటి ఆరు లోయల్లో ఒకదాన్ని ‘లేదు’ అని తప్పుగా రాసేస్తాం. అందుకే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, దొరకని రోజుల్ని కూడా నమోదు చేస్తారు. నన్నడిగితే ఆ నోట్‌బుక్‌లో అన్నిటికంటే విలువైనవి ఆ రోజులే.

ఆ తర్వాత ఎత్తు, వాలు, మంచు, చిరుత వేటాడే భరల్ మేకల ఉనికి కలిపి, ఇంకెక్కడ ఉండొచ్చో కంప్యూటర్‌తో అంచనా వేయిస్తారు. చుక్కలన్నీ రోడ్ల పక్కనే ఉంటే? చిరుతకు రోడ్లంటే ఇష్టమని కంప్యూటర్ నమ్మేస్తుంది.

[తెర మీద: 241 → 718]

2019–2023లో భారత్‌లో జరిగిన సర్వేలో 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. ఫొటోల్లో విడివిడిగా గుర్తుపట్టినవి 241. కంటపడనివాటినీ లెక్కగట్టి వేసిన అంచనా 718, అందులో లడఖ్‌లోనే 477.

[క్లోజప్: చిరుత ఎడమ పక్క, కుడి పక్క]

గుర్తుపట్టేది మచ్చల్ని బట్టే. చిక్కేమిటంటే రెండు పక్కల మచ్చలూ ఒకేలా ఉండవు. ఒక ఫొటోలో ఎడమ, ఇంకో ఫొటోలో కుడి పడితే ఒకే చిరుత రెండైపోతుంది. అందుకే కొన్నిచోట్ల దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు బిగిస్తారు.