మగ్గం చప్పుడుతో డ్రమ్ కిట్: బరంపురం ఇంట్లో శాంప్లింగ్

[తెర నల్లగా ఉంటుంది. శబ్దం మాత్రమే: టక్... ధబ్. టక్... ధబ్.]

నేత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇదేం చప్పుడో చెప్పక్కర్లేదు. అడ్డదారాన్ని మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెత్తి చివర పెట్టెకు కొట్టుకుంటే టక్. దువ్వెనలాంటి అచ్చు వచ్చి ఆ దారాన్ని, అంటే పేకను, గుద్దితే ధబ్.

మాది గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పొద్దున్నే నిద్ర లేపేది మావయ్య గుంట మగ్గం. ఇవాళ ఆ పట్టు మగ్గాన్నే కంప్యూటర్లోకి తెచ్చి వాయిద్యంగా మార్చుకుందాం. నెట్‌లో వేల కొద్దీ డ్రమ్ శాంపిళ్లు, అంటే రికార్డు చేసిన చప్పుడు ముక్కలు, దొరుకుతాయి, నేనూ వాడతాను. కానీ వాటిలో మా మావయ్య చెయ్యి ఉండదు.

[పాత రైలింజన్ బొమ్మ]

ఇలాంటి పని 1948లోనే జరిగింది. పారిస్‌లో పియర్ షెఫర్ రైళ్ల చప్పుళ్లు రికార్డు చేసి, ఆ డిస్కులనే తిప్పి తిప్పి సంగీతం కట్టాడు. 1979లో ఆస్ట్రేలియా నుంచి ఫెయర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యం వచ్చాక శాంపిల్‌ను కీబోర్డు మీద వాయించడం మొదలైంది. ఇప్పుడు ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో కూడా చాలావరకు చేసుకోవచ్చు. నేను ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్లో చూపిస్తాను.

[మగ్గం గది. నాడె పెట్టెకు జానెడు దూరంలో రికార్డర్]

మొదటి రోజు ఫోన్‌తో తీసినవన్నీ పారేశాను. ఫోన్లో మాటల కోసం పెట్టిన నాయిస్ తగ్గింపు నాడె దెబ్బల అంచులన్నీ మింగేసింది. ఫోనే దిక్కయితే ఆ సెట్టింగ్ ఆపి, డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో తీయండి. గట్టి దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఫ్యాన్ ఆపమన్నాను. మావయ్య చెమట తుడుచుకుంటూ, "ఏట్రా, ఈ చప్పుడుతో పాట కడతావా?" అన్నాడు. కడతాను మావయ్యా, ఇంకో పది నిమిషాలు నెయ్యి అన్నాను.

[తెర మీద వేవ్‌ఫార్మ్, ఒక్క దెబ్బ దగ్గరికి జూమ్]

ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. నాడె దెబ్బ ఇదిగో, నిటారుగా లేచిన ఈ కొమ్ము. దాని ముందు సన్నగా గీసుకుపోతున్నట్టు కనిపించేది నాడె జారుతున్న చప్పుడు. కత్తిరింపు కొమ్ము మొదట్లోనే పెడితే దెబ్బ వేలికి తగిలినట్టు పలుకుతుంది. పది మిల్లీసెకన్లు ముందు పెడితే బద్ధకంగా పలుకుతుంది. గీత సున్నాను దాటే చోటే కోయండి, లేకపోతే చిటుక్కుమనే శబ్దం చేరుతుంది. చివర చిన్న ఫేడ్ వేస్తే చాలు.

ఇక పిచ్, అంటే శ్రుతి. అచ్చు దెబ్బను 12 సెమిటోన్లు, అంటే ఒక స్థాయి, దించుతున్నాను, వేగం మారకుండా పట్టి ఉంచే వార్ప్ ఆపేసి. వేగం సగమవుతుంది, నిడివి రెట్టింపవుతుంది, ధబ్ కాస్తా గుమ్‌మని లోతుగా వస్తుంది.

[శబ్దం: ముందు మామూలుగా, తర్వాత దించినది]

కొంచెం మబ్బు పట్టినట్టుంది కదా. కారణం ఉంది. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో తీసిన శబ్దంలో అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ వరకే ఉంటుంది. ఒక స్థాయి దించితే పైఅంచు 11కు పడిపోతుంది. బాగా కిందికి దించాలనుకుంటే, మీ రికార్డరూ మైకూ సహకరిస్తే, 96 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. ఆ మబ్బే ఇష్టమైతే అలాగే ఉంచండి. 1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లర్ మిషన్లో మొత్తం పది సెకన్లే పట్టేది. అందుకే హిప్‌హాప్ వాళ్లు రికార్డును వేగంగా తిప్పి ఎక్కించి, లోపల పిచ్ దించేవాళ్లు. ఆ గరుకుతనమే ఒక కాలపు శబ్దమైంది.

ఈ గుమ్ కింద 50 హెర్ట్జ్ సైన్ తరంగం ఒకటి కలుపుతాను. అటాక్, అంటే లేచే సమయం, సున్నా; డికే, అంటే తగ్గే సమయం, 200 మిల్లీసెకన్లు. కిక్ డ్రమ్ తయారు.

నాడెకు మాత్రం ఒక్క శాంపిల్ సరిపోదు. ఒకే దెబ్బను పదహారు సార్లు మోగిస్తే మిషన్ కొట్టినట్టు ఉంటుంది. మావయ్య నేసిన వాటిలోంచి కుడివైపు మూడు, ఎడమవైపు మూడు తీసుకుని, నోటు కొట్టినప్పుడల్లా ఒకటి మారి ఒకటి వచ్చేలా పెట్టాను. దీన్నే రౌండ్ రాబిన్ అంటారు. కుడి దెబ్బ పొడిగా ఉంది, ఎడమది కాస్త మూసుకుపోయినట్టుంది. ఆ తేడాను ఈక్యూతో సరిచేయకండి.

క్వాంటైజ్, అంటే దెబ్బల్ని తాళం గీతలకు లాగడం, కూడా అంతే. 90 బీపీఎంలో, అంటే నిమిషానికి 90 బీట్ల వేగంలో, పదహారో వంతు నోటు 167 మిల్లీసెకన్లు. మావయ్య అచ్చు దెబ్బ గ్రిడ్ గీత కంటే 20 మిల్లీసెకన్ల దాకా వెనక పడుతోంది, ప్రతిసారీ కాదు. గీతకు లాగేస్తే మగ్గం చచ్చిపోతుంది, నేను లాగి చూశాను. అందుకే ఆ క్లిప్ నుంచి గ్రూవ్, అంటే ఆ ముందూవెనకల తీరు, తీసి, హైహ్యాట్‌కూ బేస్‌కూ అదే వేశాను. ఇప్పుడు పాట మొత్తం మావయ్య కాళ్ల నడకలో నడుస్తుంది.

[శబ్దం: పట్టు దారాల గరగర, మెల్లగా విస్తరించి]

వెనక వినిపించే ఈ పొగలాంటిది పడుగు, అంటే నిలువు దారాల, మీద చేత్తో నిమిరిన చప్పుడు. శబ్దాన్ని ముక్కలుగా కోసే గ్రాన్యులర్ పద్ధతిలో 60 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పరిచాను. ముక్క చిన్నదైతే గరుకు, పెద్దదైతే అసలు చప్పుడు గుర్తుపట్టేలా ఉంటుంది. మధ్యలో ఎక్కడ ఆగాలో మీ చెవే చెప్పాలి.

[మావయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్న దృశ్యం]

పూర్తయ్యాక మావయ్యకు వినిపించాను. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. బాగుందని అనలేదు. "ఎడమ పెట్టె బిగుసుకుందిరా, నాడె సరిగ్గా కూర్చోట్లేదు" అంటూ లేచి మగ్గం దగ్గరికి వెళ్లాడు. ఎడమ దెబ్బ మూసుకుపోయినట్టు ఎందుకుందో అప్పుడు తెలిసింది నాకు. ఆయన పెట్టె సరిచేశాక మళ్లీ తీసిన దెబ్బ ఇది, ముందు పాతది వినండి.

[శబ్దం: టక్. విరామం. టక్.]