పొలం కనిపిస్తోంది, కోసినవాళ్ళేరీ? పాత బ్రిటన్ బొమ్మల్లో మనుషుల కోసం వెతుకులాట

[తెర మీద: గెయిన్స్‌బరో గీసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం. కెమెరా ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతుంది]

ఈ బొమ్మను కాస్త నిదానంగా చూద్దాం. ఓక్ చెట్టు కింద బెంచీ మీద లేత నీలం గౌనులో కూర్చున్నావిడ పేరు ఫ్రాన్సెస్. చంకలో తుపాకీ పెట్టుకుని పక్కనే నిలబడ్డాయన ఆవిడ భర్త, రాబర్ట్ ఆండ్రూస్. వీళ్ళ పెళ్ళి 1748లో అయింది. 1750 ప్రాంతంలో థామస్ గెయిన్స్‌బరో ఈ చిత్రం గీశాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు కూడా లేవు.

దంపతుల చిత్రమంటే ఇద్దరూ మధ్యలో ఉండాలి కదా. ఇక్కడ లేరు. ఇద్దర్నీ ఎడమవైపుకు జరిపేసి, మిగతా బొమ్మంతా పొలానికి ఇచ్చేశాడు. అది వాళ్ళ సొంత భూమి. సడ్బరీ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఆబరీస్ ఎస్టేట్. తమ మొహాలతో పాటు ఆ భూమిని కూడా గోడకు తగిలించుకోవాలనుకున్నారు.

[దగ్గరగా: కోసి నిలబెట్టిన పనలు, కొయ్యకాళ్ళ వరసలు]

తుపాకీ కూడా ఊరికే పెట్టలేదు. 1671 వేట చట్టం ప్రకారం ఏడాదికి కనీసం వంద పౌండ్ల రాబడి వచ్చే సొంత భూమి ఉంటేనే కుందేలునైనా, కౌజునైనా కొట్టే హక్కు. తుపాకీ పట్టుకుని నిలబడటమంటే తాను భూస్వామినని చెప్పుకోవడమే.

ఇప్పుడు కొయ్యకాళ్ళు చూడండి. తాడు పట్టి గీసినట్టు తిన్నగా వరసలున్నాయి. ఇంగ్లండులో అప్పటికి చాలామంది రైతులు విత్తనాలు చేత్తో వెదజల్లేవాళ్ళు. ఇలా వరసలు రావాలంటే గుర్రం లాగే గొర్రు కావాలి. మన రైతులకు గొర్రు ఏనాటి నుంచో తెలుసు, అక్కడ మాత్రం అది కొత్త పనిముట్టు. నేను ఆధునిక రైతునని కూడా ఆండ్రూస్ గారు చెప్పుకుంటున్నారన్నమాట.

పంట కోతకొచ్చింది, కోసేశారు, పనలు కట్టి నిలబెట్టారు. అది ఎంతమంది చేసే పని! బొమ్మలో ఒక్క కూలివాడు లేడు. కొడవలి పట్టిన చెయ్యి లేదు. పనలు వాటంతటవే లేచి నిలబడినట్టున్నాయి.

నాకు ఈ బొమ్మంటే ఇష్టం. ఆ మబ్బు, పొలం మీద పడ్డ ఆ పసుపు వెలుతురు అంత చిన్న వయసులో గీసినవాణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం. అయినా చూసిన ప్రతిసారీ ఆ కూలివాళ్ళు ఎటు పోయారన్న ప్రశ్న వదలదు. వాళ్ళను వెతకడానికే ఈ వీడియో.

[తెర మీద: హోగార్త్ అచ్చుబొమ్మ, జిన్ లేన్]

సరిగ్గా అదే కాలం. 1751. ఊరు లండన్, పేట సెయింట్ జైల్స్. విలియం హోగార్త్ చెక్కిన ఈ అచ్చుబొమ్మ పేరు జిన్ లేన్. జిన్ అనే సారా తాగి ఒక పేట పేటంతా ఎలా నాశనమైందో చూపించాడు.

మధ్యలో మెట్ల మీద ఒకావిడ, కాళ్ళ నిండా పుళ్ళు. నశ్యం పీల్చడంలో మునిగిపోయింది. చేతిలోంచి పసిబిడ్డ జారి కింద పడిపోతున్నా చూసుకోవడం లేదు. ఈ భాగం అందరికీ గుర్తుండిపోతుంది. నేను మిమ్మల్ని ఎడమవైపు తాకట్టు కొట్టు దగ్గరికి తీసుకెళ్తాను.

[దగ్గరగా: తాకట్టు కొట్టు గుమ్మం]

వడ్రంగి తన రంపాన్ని తాకట్టు పెడుతున్నాడు. పక్కనే ఒకావిడ వంట గిన్నెలు తెచ్చింది. రంపం పోయాక వడ్రంగికి పని ఎక్కడిది? గిన్నెలు పోయాక ఇంట్లో పొయ్యి దేనికి? ఒక కుటుంబం కూలిపోవడాన్ని రెండే వస్తువులతో చెప్పాడు. కింద సారా కొట్టు తలుపు మీద రాసి ఉన్న మాటలు కూడా చదవండి. ఒక పెన్నీకి తాగొచ్చట, రెండు పెన్నీలకు ఒళ్ళు తెలియకుండా పడిపోవచ్చట, పడుకోవడానికి గడ్డి ఉచితమట.

ఇది ఆయిల్ పెయింటింగ్ కాదు. రాగి రేకు మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం పెట్టి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే వచ్చే బొమ్మ. ఒక్క రేకు నుంచి వందల కొద్దీ కాపీలు తియ్యొచ్చు. దీని ధర ఒక షిల్లింగ్. పేదవాడికి అదీ ఎక్కువే. కానీ లండన్‌లో ప్రింట్లమ్మే దుకాణాలు కొత్త బొమ్మలను కిటికీ అద్దాల వెనక తగిలించేవి. వీధిలో పోయేవాడు డబ్బివ్వకుండానే నిలబడి చూసేవాడు. ఆండ్రూస్ దంపతుల చిత్రం మాత్రం 1960 దాకా ఆ కుటుంబం చేతుల్లోనే ఉండిపోయింది. ఒకటి ఇంటి గోడ మీద, ఒకటి వీధిలో. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే పాత బ్రిటన్ బొమ్మలు సగం అర్థమైనట్టే.

హోగార్త్‌కు వ్యాపారం కూడా తెలుసు. తన బొమ్మలను ఇతరులు దొంగచాటుగా చెక్కి అమ్ముకుంటుంటే, తోటి కళాకారులతో కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. అలా వచ్చిన చట్టం 1735 జూన్‌లో అమల్లోకి వచ్చి, చెక్కిన బొమ్మ మీద కళాకారుడికి 14 ఏళ్ళ హక్కు ఇచ్చింది.

ఒక విషయంలో మాత్రం హోగార్త్‌తో నాకు పేచీ ఉంది. జిన్ అంత చవగ్గా ఎందుకు దొరికిందో ఈ బొమ్మలో ఎక్కడా లేదు. 1690 ప్రాంతం నుంచి ప్రభుత్వం ఫ్రెంచి బ్రాందీని అడ్డుకుని, ఇంగ్లండు ధాన్యంతో సారా కాచడాన్ని ప్రోత్సహించింది. పండిన ధాన్యానికి సారా బట్టీలు మంచి గిరాకీ. ధాన్యం అమ్ముకునేది భూస్వాములు, పార్లమెంటులో కూర్చునేదీ ఎక్కువగా వాళ్ళే. అందుకే సారాను నిజంగా కట్టడి చేయగలిగిన చట్టం 1751 దాకా రాలేదు. ఆ పొలాల యజమానుల లాభానికీ ఈ మెట్ల మీది తల్లికీ సంబంధం ఉంది. ఏ ఒక్క బొమ్మా ఆ సంబంధాన్ని చూపించలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే అది కనిపిస్తుంది.

[తెర మీద: థామస్ బ్యూయిక్ కట్టె అచ్చులు, ఒకదాని తర్వాత ఒకటి]

ఇప్పుడు లండన్ వదిలి ఉత్తరానికి, న్యూకాసిల్‌కు పోదాం. ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఇక్కడే ఉన్నాడు. థామస్ బ్యూయిక్. 1753లో టైన్ నది దగ్గర చెర్రీబర్న్ అనే చోట పుట్టాడు. తండ్రి కౌలు రైతు, ఒక చిన్న బొగ్గు గని కూడా నడిపేవాడు. పద్నాలుగేళ్ళకు, 1767లో, బ్యూయిక్ న్యూకాసిల్‌లో ఒక చెక్కుడు పనివాడి దగ్గర చేరాడు.

అతని పనితనం ఏమిటో వివరంగా చెప్పాలి. బాక్స్ అనే చాలా గట్టి, నెమ్మదిగా పెరిగే చెట్టు ఒకటి ఉంది. దాని కట్టెను పొడవునా కోస్తే పీచు అడ్డం వస్తుంది, సన్న గీత చెక్కలేం. అడ్డంగా, అంటే కొమ్మ నరికినప్పుడు కనిపించే గుండ్రటి ముఖం మీద, చెక్కితే ఉలి ఎటు తిప్పినా సాఫీగా పోతుంది. అక్కడ రాగి మీద వాడే సన్న ఉలితో చెక్కేవాడు. చెక్కిన చోట తెలుపు, వదిలేసిన చోట నలుపు. అంటే అతను చీకట్లో వెలుగు గీస్తున్నాడు. పక్షి రెక్క మీది ఒక్కొక్క ఈకా తెల్లగా విప్పారుతుంది.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. కట్టె దిమ్మను అచ్చు అక్షరాల ఎత్తుకు సరిగ్గా కోస్తారు కాబట్టి బొమ్మ, మాటలు ఒకే పేజీలో ఒకే దెబ్బకు అచ్చవుతాయి. రాగి రేకుకు వేరే యంత్రం, వేరే ఖర్చు. పుస్తకంలో చదివే మాట పక్కనే బొమ్మ చూడటం ఇలా సులువైంది.

బ్యూయిక్ బ్రిటన్ పక్షుల మీద రెండు సంపుటాలు తెచ్చాడు, 1797లో ఒకటి, 1804లో ఒకటి. అధ్యాయం చివర మిగిలిన ఖాళీ చోట్లలో చిన్న చిన్న బొమ్మలు పెట్టేవాడు. వాటికి పక్షులతో పనే లేదు. అవి వాళ్ళ ఊరి మనుషులు.

[దగ్గరగా: ఆవు తోక పట్టుకుని నది దాటుతున్న మనిషి]

ఇది చూడండి. వంతెన సుంకం మిగుల్చుకుందామని ఒకతను ఆవు తోక పట్టుకుని నది దాటుతున్నాడు. ఈలోగా టోపీ పోయింది. సుంకం కంటే టోపీ ఖరీదే ఎక్కువ. ఇంకో బొమ్మలో మంచు కమ్మిన చోట మేత దొరకని గొర్రె పాత చీపురును కొరుకుతోంది. మరికొన్నిట్లో కుంటి సిపాయిలు, వానలో వంగి నడిచే బాటసారులు, దూరంగా కొండ మీద ఉరికొయ్య. ప్రతిదీ రెండు మూడు అంగుళాల బొమ్మ. ఆండ్రూస్ పొలంలో మాయమైనవాళ్ళంతా ఇక్కడ కనిపిస్తారు. వీళ్ళను గీయమని ఎవరూ డబ్బివ్వలేదు. తనకు తెలిసిన మనుషులు కాబట్టి గీశాడు.

ఈ మనుషుల బతుకులో అప్పుడు ఒక పెద్ద మార్పు జరుగుతోంది. ఊరి పక్కన ఉమ్మడి బీడు ఉండేది. పేదవాడు అక్కడ ఆవును, బాతులను మేపుకునేవాడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాడు. ఆ బీళ్ళను పార్లమెంటు చట్టాలతో పంచి కంచెలు వేయించారు. 1604 నుంచి 1914 మధ్య ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి దాదాపు 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు విస్తీర్ణంలో ఐదో వంతుకు పైమాటే. బ్యూయిక్ చిన్నప్పుడు తిరిగిన మిక్లీ బీడును 1812లో పంచేశారు. ఆ పంపకంతో పేదవాణ్ణి వేళ్ళతో పెకిలించేశారని తన జ్ఞాపకాల్లో బాధపడ్డాడు. ఇంగ్లండు పల్లె అనగానే మనకు గుర్తొచ్చే ఆ పచ్చటి కంచెలు, గళ్ళు గళ్ళుగా కనిపించే పొలాలు, చాలాచోట్ల ఆ పంపకాల గుర్తులే.

[తెర మీద: కోల్‌బ్రూక్‌డేల్ రాత్రి దృశ్యం, తర్వాత యార్క్‌షైర్ రంగు ప్రింట్లు]

భూమి పోయినవాళ్ళలో చాలామంది గనులకు, మిల్లులకు నడిచారు. లూథర్‌బర్గ్ 1801లో గీసిన ఈ కోల్‌బ్రూక్‌డేల్ చిత్రంలో ఇనుప కొలుముల మంటకు ఆకాశమే ఎర్రబడింది. ఇతను నాటకాలకు తెరలు గీసినవాడు, ఆ చెయ్యి ఇక్కడా తెలుస్తుంది. గొప్ప దృశ్యమే, కానీ మనుషులు నీడల్లా ఉన్నారు.

1814లో జార్జ్ వాకర్ యార్క్‌షైర్ జనం మీద తెచ్చిన 40 ప్రింట్లు నాకు ఎక్కువ నచ్చుతాయి. వీటి పద్ధతి పేరు ఆక్వాటింట్. రాగి రేకు మీద సన్నటి గుగ్గిలం పొడిని ముగ్గుపిండిలా చల్లి, వేడి చేసి అతికించి, యాసిడ్‌లో ముంచుతారు. నీటిరంగుల్లాంటి మెత్తటి నీడలు వస్తాయి. తర్వాత ఒక్కో కాపీకి చేత్తో రంగులు వేస్తారు. మన దేశపు కోటలను, గుళ్ళను థామస్ డేనియల్, అతని అన్నదమ్ముల బిడ్డ విలియం అచ్చువేసింది ఈ పద్ధతిలోనే. అదే విలియం ఇంటికెళ్ళాక 1814 నుంచి 1825 దాకా బ్రిటన్ తీరం చుట్టూ తిరిగి గీసినవాటితో 308 ఆక్వాటింట్లు తెచ్చాడు.

వాకర్ బొమ్మల్లో ఒక బొగ్గు గని కార్మికుడు నడిచి వస్తుంటే, వెనక ఆవిరి ఇంజను బొగ్గు బళ్ళను లాగుతోంది. లీడ్స్ దగ్గర మిడిల్టన్ గని ఇంజను అది. అచ్చులో వచ్చిన మొట్టమొదటి రైలింజను బొమ్మల్లో ఇదొకటి. అందులోనూ ముందు నిలిచింది కార్మికుడే. మరో బొమ్మలో ఫ్యాక్టరీ పిల్లలు. బడికి వెళ్ళాల్సిన వయసు.

[తెర మీద: కాన్‌స్టబుల్ హే వెయిన్]

ఇక చివరిది, హే వెయిన్, అంటే ఎండుగడ్డి బండి. జాన్ కాన్‌స్టబుల్, 1821. బిస్కట్ డబ్బాల మీద, క్యాలెండర్ల మీద ఎన్నోసార్లు అచ్చయిన బొమ్మ. ఎత్తు 130 సెంటీమీటర్లు, వెడల్పు 185. సఫోక్‌లో స్టౌర్ నది, అతని తండ్రి నడిపిన ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు పక్కన. ఎడమవైపు కనిపించేది విల్లీ లాట్ అనే రైతు ఇల్లు. గీసింది మాత్రం లండన్‌లో. బండి ఎలా ఉంటుందో సరిగ్గా తెలియాలని ఊళ్ళో ఉన్న తమ్ముడు ఏబ్రమ్‌ను అడిగితే, అతను ఒక కుర్రాడితో కొలిచి గీయించి పంపాడు. అంత శ్రద్ధ. లండన్ ప్రదర్శనలో బొమ్మ అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది.

[దగ్గరగా: కుడివైపు దూరపు మైదానం]

ఇప్పుడు బండిని వదిలి కుడివైపు బాగా వెనక్కి చూడండి. ఆ వెలుతురు పడ్డ మైదానంలో తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? గడ్డి కోసే కూలివాళ్ళు. ఇక్కడ ఉన్నారు, గోరంత.

1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిశాక సిపాయిలు ఇళ్ళకొచ్చారు, ధాన్యం ధరలు పడ్డాయి, కూలి తగ్గింది. నూర్పిడి యంత్రాలు వచ్చి చలికాలపు పని కూడా పట్టుకుపోయాయి. 1822 వసంతంలో సఫోక్ కూలివాళ్ళు యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. ఆ ఏప్రిల్‌లో కాన్‌స్టబుల్ స్నేహితుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో తమ్ముడు పంపిన కబురుంది. దగ్గరో దూరమో మంటలు కనబడని రాత్రే లేదని. హే వెయిన్ జనం ముందుకొచ్చి అప్పటికి ఏడాది. ఆ మంటలు మాత్రం అతని పెద్ద చిత్రాల్లోకి రాలేదు.

నేషనల్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఈ బొమ్మను ఉచితంగా పెద్దది చేసి చూడొచ్చు. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్లో చూడండి, కూలివాళ్ళు స్పష్టంగా కనబడతారు. జిన్ లేన్‌తో పాటు బ్యూయిక్ అచ్చులు కూడా బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వచ్చే వీడియోలో ఫ్రిత్ 1862లో గీసిన రైల్వే స్టేషన్ చూద్దాం. అందులో జనం కిక్కిరిసి ఉంటారు, ఎవరు ఏ తరగతి పెట్టె ఎక్కుతున్నారో ఒక్కొక్కర్నీ పట్టుకుని చెప్పుకుందాం.