కోచింగ్ లేని కాగితం

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున రాజాం వైపో టెక్కలి వైపో బస్సెక్కితే రోడ్డు పక్కన పరుగులు తీసే కుర్రాళ్లు కనబడతారు. ఈమధ్య అమ్మాయిలూ కనబడుతున్నారు, సంతోషం. సైన్యం, నేవీ, సీఆర్‌పీఎఫ్, పోలీసు... ఏదో ఒకటి కొట్టాలి. పరుగుకు కోచింగ్ ఉంది, రాతపరీక్షకు కోచింగ్ ఉంది. అన్నీ గట్టెక్కాక చేతికొచ్చే ఒక కాగితానికి మాత్రం కోచింగ్ లేదు. అదే అటెస్టేషన్ ఫారం, ఉద్యోగమిచ్చే ముందు మన గతం అడిగే కాగితం.

ఐదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నారు, ఏ బడిలో చదివారు అని అడుగుతూ వచ్చి, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీపై ఎప్పుడైనా కేసు నడిచిందా అంటుంది. ఇప్పుడు కేసుందా అని మాత్రమే కాదు సుమా.

మన ఊళ్ల సంగతి తెలిసిందే. చెరువు నీటి దగ్గరో, అమ్మవారి పండగలోనో రెండు కుటుంబాలు తన్నుకుంటాయి. ఫిర్యాదులో అవతలి ఇంటి మగవాళ్ల పేర్లన్నీ ఎక్కిస్తారు. డిగ్రీ చదివే కుర్రాడు తొమ్మిదో ముద్దాయి అవుతాడు. కొన్నాళ్లకు పెద్దలు కూర్చుని లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు. చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. "కొట్టేసిన కేసు కదా, లేదని రాసెయ్" అంటాడు బాబాయి. నాకు కోపమంతా ఆ బాబాయి మీదే.

ఢిల్లీలో జరిగినది చెబుతాను. ఒక యువకుడిపై ఇరవై ఏళ్ల వయసులో కొట్లాట కేసు పడింది. రాజీ కుదిరి 1998లో బయటపడ్డాడు. మరుసటి ఏడాది హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. అందులో కేసు మాట ఎత్తలేదు. పరీక్షలు నెగ్గాడు. అటెస్టేషన్ ఫారం వచ్చాక మాత్రం తనంతట తానే రాశాడు. మొదట దాచావు కదా అని ఎంపిక రద్దు చేశారు. ఉద్యోగ వివాదాలు చూసే ట్రైబ్యునల్ అతని అర్జీ కాదంది, హైకోర్టు అతని మాట వింది. పోలీసు శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 మార్చిలో తీర్పు వచ్చింది. కుర్రతనపు తప్పులను క్షమించవచ్చు, జన్మంతా నేరస్థుడన్న ముద్ర వేయకూడదు, ఉద్యోగం పోతుందన్న భయంతోనే చెప్పి ఉండడు అంది కోర్టు. ఆకలిగొన్న ఇంటివారి కోసం రొట్టె దొంగిలించిన ఒక ఫ్రెంచి నవలా నాయకుణ్ణి కూడా న్యాయమూర్తులు తలుచుకున్నారు. ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన చోటు అదే.

ఇది విని దాచడానికి ధైర్యం తెచ్చుకోకండి. దరఖాస్తు 1999లో, తీర్పు 2011లో!

2016 జూలైలో సుప్రీంకోర్టులోనే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా తేటగా చెప్పింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న కేసు దాచినా అధికారి మన్నించవచ్చు. మన్నించి తీరాలని లేదు. నిజం రాసినవారికి కూడా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కేసు తీరు చూసి నిర్ణయిస్తారు. ఉన్నమాట ఇది. అయినా రాయండి. మీ ఫారం తిరిగి మీ జిల్లా పోలీసుల దగ్గరికే విచారణకు వస్తుంది, మీ స్టేషన్ రికార్డులో ఆ కేసు ఉంటుంది. రాసి ఉంటే వాదించుకోవడానికి పాత కేసు ఒక్కటే. దాస్తే కేసూ, దాచడమూ రెండూ.

కాబట్టి ఆ ఫారాన్ని ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి చేత నింపించకండి. ఎఫ్ఐఆర్ నకలు, కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ ముందే తెచ్చుకుని, కేసు నంబరు చూసి మీ చేత్తో రాయండి. పద్దెనిమిదేళ్లు నిండకముందు నాటి కేసైతే బాలల న్యాయచట్టం రక్షణ వేరు, ముందుగా వకీలును అడగండి. ఫారం ఇచ్చాక కొత్తగా అరెస్టయినా, కేసు పడినా ఆ సంగతి కూడా వెంటనే ఆ కార్యాలయానికి తెలపాలి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు జాగ్రత్త చేసుకోండి.

సెలవు.