బకింగ్‌హామ్ కాలువ: మళ్ళీ పడవలు తిరుగుతాయా?

వ్యాఖ్యాత: పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇంత కాలువ ఎలా వచ్చింది, మేడం?

చరిత్ర అధ్యాపకురాలు: ముక్కలు ముక్కలుగా వచ్చిందండీ. మొదట 1806లో బేసిల్ కొక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు తవ్వించాడు. తర్వాత ఉత్తరానికి సాగింది. 1876-78లో ధాత నామ సంవత్సరపు కరువులో కరువు పనుల కింద మద్రాసులో కూవం, అడయారు నదుల మధ్య సుమారు 8 కిలోమీటర్లు తవ్వించారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. నా వరకు అది కరువు కూలీల కాలువ. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

వ్యాఖ్యాత: బెజవాడ పడవ మద్రాసు ఎలా చేరేది?

విశ్రాంత ఇంజనీరు: దుగ్గిరాల, కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం. అక్కడి నుంచి ఈ బకింగ్‌హామ్ కాలువ, అది ఉప్పునీళ్ళది. డెల్టాలో మట్టం మారే చోట్ల లాకులు ఉంటాయి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల తూములెత్తి నీళ్ళు కిందికి వదులుతారు. లోపలి నీళ్ళు దిగువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుస్తారు. గాలి ఉంటే తెరచాప. లేకపోతే గడ, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. ఆ లాగేవాళ్ళ కష్టం మామూలుది కాదు.

వ్యాఖ్యాత: రైలు రాగానే మూతపడిందా?

ఇంజనీరు: రైలు, లారీ దెబ్బతీశాయి, నిజమే. కానీ అసలు శత్రువు ఇసుక. మొగల దగ్గర, అంటే నీళ్ళు సముద్రంలో కలిసే చోట్ల, సముద్రం ఇసుక తెచ్చి పోస్తుంది, ఏటా తవ్వాల్సిందే. 1965, 1966 తుఫాన్ల తర్వాత కాలువ కోలుకోలేదు.

మత్స్యకార ప్రతినిధి: తవ్వకపోతే పడవలకే కాదు సార్, మాకూ నష్టమే. 2004 సునామీలో సముద్రం మీదికొచ్చినప్పుడు చాలా నీళ్ళు ఈ కాలువే పట్టింది. ఇప్పుడేమో చెత్త, మురుగు, ఆక్రమణలు.

అధ్యాపకురాలు: చెన్నైలో కాలువలోనే స్తంభాలు వేసి పట్టణ రైలు నడిపారు. అక్కడ పెద్ద పడవలకి దారెక్కడుంది?

వ్యాఖ్యాత: 2008లో ఈ కాలువను జాతీయ జలమార్గం-4లో భాగంగా ప్రకటించారు కదా?

ఇంజనీరు: ప్రకటనతో లోతు రాదండీ. సరుకు పడవలు కావాలంటే కాలువ తవ్వాలి, ఎత్తు తక్కువున్న వంతెనలు మార్చాలి, లాకులు బాగుచేయాలి. మొత్తం మార్గానికి ఒకేసారి డబ్బు ఎవరిస్తారు? పెదగంజాం నుంచి దక్షిణంగా ఒక్కో భాగం తీసుకోమంటాను.

మత్స్యకార ప్రతినిధి: ముందు మొగలు తెరవండి సార్. నీళ్ళు కదిలితే చేపలు వస్తాయి, మా నాటు పడవలు ఆ రోజు నుంచే తిరుగుతాయి.

ఇంజనీరు: ఒప్పుకుంటున్నాను. మొగలతోనే మొదలుపెట్టాలి.