లోమిలోమి: హోటల్ స్పాలో దొరకని సంగతి

కిరణ్: అక్కా, హవాయి మసాజ్ అంటే నాకు హోటల్ బ్రోచర్లే గుర్తొస్తాయి. బీచ్, పూలు, కొబ్బరినూనె, తర్వాత బిల్లు చూసి వచ్చే కొత్త నొప్పి.

సునీత: (నవ్వు) అది ఇప్పటి వేషంలే. లోమిలోమి అసలు ఇంటి వైద్యం, ఒక్కో కుటుంబానికి ఒక్కో పద్ధతి. పిల్లల్లో ఎవరి చేతిలో ఆ గుణం ఉందో పెద్దోళ్ళే కనిపెట్టి వాళ్ళకి నేర్పేవాళ్ళు, బయటోళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. పసిపిల్లలకి చేసేవాళ్ళు, కడుపుతో ఉన్నోళ్ళకి చేసేవాళ్ళు, అక్కడి దొరలైతే సుష్టుగా తిని అది అరగడానికి ఒళ్ళు పట్టించుకునేవాళ్ళంట!

కిరణ్: మా అమ్మమ్మ పసిపిల్లల్ని కాళ్ళ మీద వేసుకుని నూనె రాసి సాగదీసేది, అలాంటిదేనా?

సునీత: దాదాపు అంతే. కాకపోతే అక్కడ ముందు ప్రార్థన చేస్తారు, పూలె అంటారు. వాళ్ళ లెక్కలో నొప్పి ఒక్క కండరానిదే కాదు, ఇంట్లో పడకపోయినా ఒంట్లో తేలుద్ది. అందుకే ముందు హోఓపోనోపోనో పెట్టేవాళ్ళు, అంటే కుటుంబం మొత్తం ఒక పెద్దమనిషి ముందు కూర్చుని మనసులో ఉన్నవి బయటపెట్టి ఒకళ్ళనొకళ్ళు క్షమించుకోవడం. రీల్స్‌లో నాలుగు ముక్కల మంత్రంలా తిప్పుతున్నారే, అది ఈమధ్య వచ్చిన రూపం, పాతదానికీ దానికీ చాలా దూరం.

కిరణ్: నువ్వు ఫిజియోవి కదా, చేయించుకున్నప్పుడు తేడా తెలిసిందా?

సునీత: తెలిసింది. హవాయిలో కోనా అనే తీరం వైపు ఒక పెద్దావిడ చేసింది. మేం వేలు పెట్టి ముడి ఎక్కడుందో వెతుకుతాం, దొరికితే అక్కడే నొక్కుతాం. ఆవిడ అసలు వేళ్ళే వాడలా, ముంజేయి మొత్తం ఆనించి వెన్నుపూస పక్కగా నడుం నుంచి భుజం దాకా ఒకే లాగుడు, అదీ నేను ఊపిరి వదిలినప్పుడే బరువు దించేది, ముడి తగిలితే ఆగకుండా దాటి వెళ్ళిపోయి మళ్ళీ కిందనుంచి వచ్చేది, అలా వస్తూ పోతూ ఉంటే కాసేపటికి అదే వదిలేసింది.

కిరణ్: దీని గురించి పాత రికార్డులేమన్నా ఉన్నాయా?

సునీత: ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ రాసుకున్నాడు! అయితే అది హవాయి కాదు, పసిఫిక్‌లోనే ఇంకో దీవి తాహితి, 1777. తుంటి నుంచి పాదం దాకా నొప్పి, అక్కడి ఆడవాళ్ళు ఓడెక్కి తల నుంచి కాలి దాకా ఎముకలు టకటకమనేలా పిసికారంట, రెండు మూడు విడతలకి నొప్పి పోయిందని రాశాడు. పాలినేషియా అంతటా, అంటే హవాయి, తాహితి లాంటి పసిఫిక్ దీవులన్నిట్లో, దీని చుట్టాలున్నాయి మరి. రెండేళ్ళకి, 1779లో, హవాయిలోని కేయలకెకువా బే దగ్గర చంపబడ్డాడనుకో, అది వేరే ఎపిసోడ్.

కిరణ్: మరి ఇంటి గుట్టు బయటికెలా వచ్చింది?

సునీత: అదే బేకి దగ్గర్లో కేఎయి అనే చోట మార్గరెట్ మచాడో అనే ఆవిడ ఉండేది, అందరూ ఆంటీ మార్గరెట్ అనేవాళ్ళు, 1916లో పుట్టి 2009లో పోయింది. తాత దగ్గర నేర్చుకుంది. సముద్రం పక్కన ఇంట్లోనే 1970ల్లో హవాయియేతరులకీ నేర్పడం మొదలెట్టింది, దాంతో కొందరు సొంతవాళ్ళకే కోపమొచ్చింది. నన్నడిగితే ఆవిడ చేసిందే కరెక్ట్. ఎందుకంటే అప్పటికే 1940ల చివర్లో మసాజ్‌కి లైసెన్స్ పెట్టారు, ఇంగ్లీషులో అనాటమీ పరీక్ష రాయాలి, తాతల నుంచి చేతిలో పని ఉన్నోళ్ళు కాగితం లేక చాటుగా చేసుకోవాల్సొచ్చింది. స్థానిక పెద్దల మండళ్ళు గుర్తించినవాళ్ళకి ఆ లైసెన్స్ అక్కర్లేదని చట్టం చేసేసరికి 2001 అయింది. ఈలోపు ఎన్ని ఇళ్ళల్లో విద్య ఆగిపోయిందో!

కిరణ్: ఆ "టెంపుల్ స్టైల్" అని అమ్ముతారే, అదేంటి?

సునీత: కవాయి దీవిలో ఏబ్రహామ్ కవాయీ అనే ఆయన నేర్పిన పద్ధతి ద్వారా ఎక్కువగా పాకింది, టేబుల్ చుట్టూ నాట్యంలా తిరుగుతూ చేస్తారు. బానే ఉంటుంది, కానీ హవాయి అంతటా లోమిలోమి అంటే ఇదొక్కటే అన్నట్టు అమ్మితే నేనొప్పుకోను.

కిరణ్: ఇంట్లో చేసుకోగలిగింది ఏమన్నా ఉందా?

సునీత: ఉంది, లోమి కర్ర. జామకొమ్మతో కూడా చేస్తారు, పక్కకి చీలిన రెమ్మ కొక్కెంలా ఉంటుంది. దాన్ని భుజం మీదుగా వీపుకి తగిలించి, ముందునుంచి కింద కొసని నెట్టుకుంటే మెడ కింద నీ చెయ్యి అందని చోట పడుద్ది. నువ్వు లాప్‌టాప్ ముందు గంటలకొద్దీ వంగి కూర్చుంటావుగా, నీకు అక్కడే పట్టేసుంటది. మెత్తగానే నెట్టు, ఎముక మీద మాత్రం పెట్టకు.

కిరణ్: మా పెరట్లో జామచెట్టుంది కానీ, కొమ్మ కొడితే మా అమ్మ నన్ను కొడుద్ది.