ఒట్టు వేయించే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో తాగే మనిషి ఉంటే మన ఊళ్ళల్లో ముందుగా తలవంచుకునేది ఆ ఇంటి ఇల్లాలే. "మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేకపోయింది" అంటారు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అందుకే నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట గురించి చెప్పాలని ఉంది.

1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పనులు చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చునేవారు. ఒక పాఠంలో సారా కథ వచ్చింది. చదువుతుంటే అది వాళ్ళ ఇళ్ళల్లో కథే! అప్పట్లో సారా చిన్న చిన్న ప్యాకెట్లలో వచ్చేది. మూల కొరికి, నోట్లో పిండుకోవడమే. కూలి డబ్బులు ఇంటి గడప తొక్కకముందే దుకాణంలో అయిపోయేవి.

అంతవరకు "నీ మొగుడెందుకు తాగుతున్నాడమ్మా" అని అడిగించుకున్న ఆడవాళ్ళు ఎదురు ప్రశ్న వేశారు. అసలు ఊళ్ళోకి సారా ఎందుకొస్తోంది? అదే ప్రశ్న. ఊళ్ళోకి సారా ఎందుకొస్తోంది? ఆ ఊరి ఆడవాళ్ళలో ఒకరైన రోశమ్మ ముందు నిలబడ్డారు. అందరూ కలిసి వెళ్ళి సారా దుకాణం మూయించారు. 1992లో పక్క ఊళ్ళు అందుకున్నాయి. చీపుళ్ళు, కారం పట్టుకుని కాపలా కాశారు. నెల్లూరులో సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, పోయింది. ఆ చర్చ ఇవాళ వద్దు.

ఇవాళ నా బాధ వేరే. వీధిలో అంత ధైర్యంగా అడిగిన మనం, ఇంట్లో మాత్రం ఇంకా "వాడికి బుద్ధి లేదు" దగ్గరే ఆగిపోయాం. బుద్ధి రావాలని దేవుడి పటం ముందు ఒట్టు వేయిస్తాం.

మా వీధిలో ఒకాయన అలాగే పిల్లల మీద ఒట్టు వేశాడు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి. మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే చేయి వణికి, టీ అంతా చొక్కా మీద ఒలికిపోయింది. ఒళ్ళంతా చెమట. "మళ్ళీ మందు కోసం నాటకం" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు కాబట్టి బతికాడు.

అది నాటకం కాదండీ. రోజూ బాగా తాగే శరీరానికి ఒక్కసారిగా మందు ఆగితే వణుకు వస్తుంది, నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. కొందరు రెండు మూడు రోజులకు లేనివి కనిపిస్తున్నాయంటారు, మనుషుల్ని పోల్చుకోలేరు. ప్రాణాపాయం అది. తగిన మందులతో డాక్టరు దాన్ని దాటించగలరు.

మానేస్తానని మీ ఇంట్లో మనిషి అంటే, ఆ మాటకు సంతోషించండి. ఒట్టు వేయించే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వణుకు మొదలైతే మర్నాటి దాకా చూడొద్దు, ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, కాల్‌కి డబ్బులు పడవు. మద్యానికైనా, గంజాయికైనా అదే నంబరు. క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి: 14446. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు.