మూడు కొటేషన్లు, ఒకే అచ్చుతప్పు

అందరికీ నమస్కారం.

సేవాసంస్థలు నడిపేవాళ్ల నీతి గురించి మాట్లాడమని పిలిచారు. ఆ అర్హత నాకు ఉందో లేదో గానీ ఒక తప్పు చేసిన అనుభవం మాత్రం ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కింద మా సంస్థకి పిల్లల వర్క్‌బుక్కులు అచ్చు వేయించాల్సి వచ్చింది. మా బావమరిదికి ప్రింటింగ్ ప్రెస్ ఉంది. మూడు కొటేషన్లు తెప్పించాం, అతనిదే తక్కువ. బోర్డు మీటింగులో నేను చాలా గొప్పగా, "ఇతను మా బావమరిది, ముందే చెప్పేస్తున్నా, ఆపైన మీ ఇష్టం" అన్నాను. అనేసి అదే కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల్లో పాసైపోయింది. "మీవాళ్లయితే ఇంకేం సార్, నమ్మకంగా చేస్తారు" అని ఒకాయన సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. అంతా పద్ధతిగా చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆరు నెలల తర్వాత ఆడిట్‌కి ఫైళ్లు సర్దుతూ మా అకౌంటెంట్ ఆ మూడు కొటేషన్లూ నా బల్ల మీద పక్కపక్కన పరిచింది. మూడు వేర్వేరు లెటర్‌హెడ్లు. మూడింట్లోనూ "లామినేషన్" అన్న మాట ఒకేలా తప్పు, మధ్యలో షకారం రెండుసార్లు. మూడూ ఒకే కంప్యూటర్లో టైపయ్యాయని కనిపెట్టడానికి పోలీసులేం అక్కర్లేదు. మిగతా రెండు కొటేషన్లూ తన స్నేహితుల పేర్లతో మా బావమరిదే పంపించాడు. "ఇది నీకు అప్పుడే తెలుసామ్మా?" అంటే "తెలుసు సార్" అంది. "మరి చెప్పలేదేం?" అంటే ఒకటే మాట: "మీ బావమరిది కదా సార్."

తర్వాత నేను బయట వాకబు చేయించాను. ధర సరైనదే. పుస్తకాలూ బాగానే వచ్చాయి. డబ్బుపరంగా సంస్థకి నష్టమేమీ లేదు. చాలామంది "అయితే ఇంకేంటి సమస్య" అంటారు, నాకూ మొదట అలాగే అనిపించింది, నిజం చెప్పాలంటే కొంచెం ఊపిరి పీల్చుకున్నాను కూడా. కానీ జరిగిన నష్టం వేరే ఉంది. ప్రతి బిల్లునీ మూడుసార్లు తిప్పి చూసే మనిషి, ఆఫీసులో కొన్ని బిల్లులు చూసీ చూడనట్టు వదిలేయాలని నేర్చుకుంది. నేర్పింది నేను. నోరు తెరిచి ఏమీ చెప్పకుండానే నేర్పాను.

ఇలాంటి చిక్కునే ఇంగ్లీషులో కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటారు, దీనికి తెలుగులో పత్రికలవాళ్లు విరుద్ధ ప్రయోజనాలు, ప్రయోజనాల ఘర్షణ అని రకరకాలుగా రాస్తారు. నాకు మాత్రం దీని అసలు పేరు మొహమాటం అనిపిస్తుంది. (మొహమాటం మీద మనకో మోటు సామెత ఉంది, సభలో చెప్పను, మీకు తెలుసు.) ఒక మనిషి రెండు చోట్ల బాకీ పడి ఉంటాడు, ఒకటి సంస్థకి, ఇంకోటి చుట్టానికో స్నేహితుడికో విరాళం ఇచ్చినవాడికో తన సొంతానికో. ఆ రెండూ ఒక కాగితం మీద ఎదురుపడ్డప్పుడు వచ్చే ఇబ్బంది ఇది. అలాంటి పరిస్థితిలో పడటం తప్పు కాదు, పదిమందితో పనిచేసే ప్రతి మనిషీ పడతాడు. పైగా చిన్న సంస్థలు మొదట్లో బతికేదే చుట్టాల మీద. ఆఫీసుకి గది ఇచ్చేది వ్యవస్థాపకుడే, మొదటి కంప్యూటర్ ఇచ్చేది ఆయన తమ్ముడే. అందుకని "బంధువులతో ఏ లావాదేవీ పెట్టుకోం" అని రూలు రాసుకునే సంస్థల్ని చూస్తే నాకు నమ్మకం కుదరదు. ఆ రూలు నిలబడదు, చాటుగా జరుగుతుంది, అంతే తేడా.

ఇది కొత్త గొడవేం కాదు. 1726లో ఇంగ్లండ్‌లో కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్ అని ఒక కేసు తేలింది. ఒక మార్కెట్ లీజు ఒక మైనరు పిల్లవాడి కోసం ట్రస్టీ చేతిలో ఉంది. గడువు అయిపోయింది. పిల్లవాడి పేరు మీద మళ్లీ ఇవ్వనని యజమాని తెగేసి చెప్పాడు. సరే, ఎలాగూ పిల్లవాడికి రాదు కదా అని ట్రస్టీ ఆ లీజు తన పేరు మీదే తీసుకున్నాడు. ఆలోచిస్తే ఇందులో దొంగతనం ఎక్కడుంది? ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు. అయినా తీర్పు చెప్పిన లార్డ్ ఛాన్సలర్ (అక్కడి పెద్ద న్యాయాధికారి) పీటర్ కింగ్, ఆ లీజు పిల్లవాడికే చెందాలి, వచ్చిన లాభం కూడా అప్పజెప్పాలి అన్నాడు. లోకంలో ఎవరైనా ఆ లీజు తీసుకోవచ్చు గానీ ఆ ట్రస్టీ ఒక్కడే తీసుకోకూడదట. కఠినంగానే ఉంది. కానీ ఆయన లెక్క వేరు: తనకి దక్కే అవకాశం ఉందని తెలిసిన ట్రస్టీ, పిల్లవాడి తరఫున యజమానిని ఎంత గట్టిగా బతిమాలాడో మనకెలా తెలుస్తుంది? ఆ ట్రస్టీకైనా తెలుస్తుందా?

నా బావమరిది కేసులో నాకు జవాబు దొరకని ప్రశ్న అదే. నేను ఇంకో రెండు ప్రెస్సులకి ఫోన్ చేసి ఉంటే? చేయలేదు. ఎందుకు చేయలేదో ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను.

ఇక "ముందే చెప్పేశాను కదా" అన్న మాట. ఇది మనందరి కవచం. దీని మీద 2005లో కెయిన్, లోవెన్‌స్టీన్, మూర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక సీసా నిండా నాణేలు. కొంతమంది దాన్ని దూరం నుంచి చూసి విలువ అంచనా కట్టాలి. దగ్గర నుంచి చూసిన సలహాదారులు వాళ్లకి సలహా ఇస్తారు. కొందరు సలహాదారులకు మాత్రం అవతలివాళ్లు ఎంత ఎక్కువ అంచనా కడితే అంత ఎక్కువ డబ్బు. సహజంగానే వాళ్లు పెంచి చెప్పారు. తమాషా ఏంటంటే, తమ స్వార్థం సంగతి అవతలివాళ్లకి ముందే తెలిసిపోయినప్పుడు ఇంకా ఎక్కువ పెంచి చెప్పారు. వినేవాళ్లు కాస్త తగ్గించుకున్నారు గానీ సరిపడా తగ్గించుకోలేదు. చివరికి స్వార్థం దాచినప్పటి కన్నా బయటపెట్టినప్పుడే వాళ్లు ఎక్కువ మోసపోయారు. అంటే చెప్పేయడం వల్ల చెప్పినవాడి మనసు తేలికవుతుంది, విన్నవాడికి "పాపం నిజాయితీగా చెప్పాడు" అన్న మొహమాటం వచ్చి పడుతుంది. నేను ఆరోజు బోర్డు మీద విసిరింది సరిగ్గా ఆ మొహమాటమే.

చెప్పొద్దనడం లేదు. చెప్పి తీరాలి, కానీ చెప్పాక లేవాలి. కుర్చీలోంచి లేచి తలుపు బయటికి వెళ్లాలి, తలుపు వేసుకోవాలి. అడిగిన ప్రశ్నలకి జవాబిచ్చి వెళ్లొచ్చు, వాదించి వెళ్లకూడదు. ఓటు సరే, కోరంలో (మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యుల లెక్కలో) కూడా మిమ్మల్ని లెక్కపెట్టకూడదు. మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ఫలానావారు ఫలానా అంశం ముందు బయటికి వెళ్లారు, ఇంకా ఏయే ప్రత్యామ్నాయాలు చూశారు, ఎందుకు దీన్నే ఎంచుకున్నారు, ఇవన్నీ అదే రోజు రాయాలి. తర్వాత గుర్తు చేసుకుని రాసే మినిట్స్ మినిట్స్ కావు, కథలు.

అయితే సంస్థ నడిపేవాడికి గది బయటికి వెళ్లడం కూడా చాలదు. మామూలు సభ్యుడు వెళ్తే గది ఖాళీ అవుతుంది, డైరెక్టర్ వెళ్తే ఆయన నీడ కుర్చీలోనే కూర్చుంటుంది. కొటేషన్ పిలిచేది మీ కిందివాళ్లు, సరుకు నాణ్యత చూసేది మీ కిందివాళ్లు, బిల్లు పాస్ చేసేది మీ కిందివాళ్లు, వాళ్ల జీతం పెంచేది మీరు. అందుకని మీకు సంబంధం ఉన్న పని మొదటి కొటేషన్ నుంచి చివరి చెల్లింపు దాకా మీ చేతి కింద లేని మనిషికి, ట్రెజరర్‌కో ఇంకో బోర్డు సభ్యుడికో అప్పజెప్పాలి. సరుకు బాగాలేకపోతే తిప్పి పంపే హక్కు ఆయనదే, మీతో చెప్పకుండా. ఇది చాలామంది చేయరు. నేనూ చేయలేదు.

మీ జీతం సంగతీ ఇంతే, అది మీరు మాట్లాడకూడదు. అమెరికాలో 1996లో తెచ్చిన చట్టం ఒకటుంది. లాభాపేక్ష లేని సంస్థని నడిపేవాళ్లు దాని నుంచి న్యాయమైన దానికన్నా ఎక్కువ లాభం పొందితే ఆ ఎక్కువ మొత్తం మీద 25 శాతం పన్ను, గడువులోగా సరిదిద్దకపోతే 200 శాతం. అది కట్టాల్సింది సంస్థ కాదు, ఆ మనిషి. తెలిసి ఆమోదించిన బోర్డు సభ్యులకీ విడిగా పడుతుంది. సంబంధం లేనివాళ్లు నిర్ణయించారా, అలాంటి పనికి బయట ఎంత ఇస్తున్నారో చూశారా, అప్పటికప్పుడు రాసి పెట్టారా, ఈ మూడూ ఉంటే ఆ మొత్తం సమంజసమేనని ముందుగా ఒప్పుకుంటారు, కాదని నిరూపించాల్సింది పన్నుశాఖే. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ మూడు ప్రశ్నలు మీ బల్ల మీద పెట్టుకోదగ్గవే.

పెద్ద సంస్థలకి ఇవన్నీ రావనుకోకండి. ది నేచర్ కన్జర్వెన్సీ, ప్రకృతి పరిరక్షణలో ప్రపంచంలోనే పెద్ద పేరు. 2003లో వాషింగ్టన్ పోస్ట్ దాని మీద వరస కథనాలు రాసింది: కొన్ని భూముల్ని అభివృద్ధి చేయకూడదన్న షరతుతో తక్కువ ధరకి తమ ట్రస్టీలకీ మద్దతుదారులకీ అమ్మడం, కొన్నవాళ్లు ఆ తేడా డబ్బు సంస్థకి విరాళంగా ఇచ్చి పన్ను రాయితీ తీసుకోవడం. భూమి పదిలంగా ఉంది, సంస్థకి డబ్బూ అందింది అన్న వాదన ఉండనే ఉంటుంది. అయినా బోర్డు సొంతవాళ్లకి అలా అమ్మడం ఆపేయాల్సి వచ్చింది. పనికొచ్చే పనే, కానీ కొనేవాడూ అమ్మేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ధర సరైనదని బయటివాడు ఎలా నమ్ముతాడు?

కొన్నిసార్లు బయటికి వెళ్లినా తెగదు. ఒకే గ్రాంటుకి పోటీ పడే రెండు సంస్థల బోర్డుల్లోనూ మీరే ఉన్నారనుకోండి. గది బయటికి కాళ్లు వెళ్తాయి, బుర్రలో ఉన్న బడ్జెట్ అంకెలు మాత్రం మీతోనే వస్తాయి. అక్కడ ఒక కుర్చీ వదులుకోవాల్సిందే. నాకు తెలిసి జనం అన్నిటికన్నా ఎక్కువ సాగదీసేది దీన్నే, రెండు చోట్లా మర్యాద దొరుకుతుంది కాబట్టి.

ఇంకో రకం, దాత. "పెద్ద మొత్తం ఇస్తాను, సాఫ్ట్‌వేర్ మాత్రం మా కంపెనీ నుంచే కొనండి" అంటాడు. ఇక్కడ చుట్టరికం లేదు, మీ జేబులోకి రూపాయి రాదు, అయినా మెడ వంగుతుంది. నేనైతే ఆ షరతుని బోర్డు ముందు యథాతథంగా చదివి వినిపిస్తాను, విరాళం ఒక తీర్మానం, కొనుగోలు ఇంకో తీర్మానం. రెండూ ముడివేస్తేనే ఇస్తానంటే అది విరాళం కాదు, డిస్కౌంటు.

ఏటా సంతకం పెట్టించే డిక్లరేషన్ ఫారాల గురించి ఒక్క మాట. అందరూ "లేదు" అని రాస్తారు. అబద్ధం కాదు, ఆ రోజుకి ఏమీ గుర్తుండదు. అందుకే ఇప్పుడు మా దగ్గర ప్రతి మీటింగులో అజెండా చదివాక, ఇందులో ఎవరికి ఏ అంశంతో చుట్టరికమో స్నేహమో వ్యాపారమో ఉందో ఒక్కొక్కరినీ అడుగుతారు, రిజిస్టర్‌లో రాస్తారు. మొదట నేనే చెప్తాను. పెద్దవాడు చెప్తేగానీ మిగతావాళ్ల నోరు పెగలదు.

ఆ కొటేషన్ల సంగతి తర్వాతి మీటింగులో నేనే చదివాను, మూడు కాగితాలూ చేతులు మారాయి. సభ్యులు నన్ను కాపాడాలని చూశారు, "పోనీలెండి సార్, ధర కరెక్టే కదా" అని. ఆ మాట మినిట్స్‌లో రాయమన్నాక అందరూ గమ్మునైపోయారు. ఆ ప్రెస్‌కి మళ్లీ పని ఇవ్వలేదు. ఇంట్లో కొన్నాళ్లు పండగలకి మాటల్లేవు, దానికి నా దగ్గర పాలసీ ఏమీ లేదు.

మా అకౌంటెంట్ మళ్లీ మామూలుగా మాట్లాడటానికి దాదాపు ఏడాది పట్టింది. మొన్న నా గదిలోకి వచ్చి, "సార్, వేసవి శిబిరం వాలంటీర్ల లిస్టులో మీ అబ్బాయి పేరుంది. దారి ఖర్చులు ఇస్తున్నాం. రిజిస్టర్‌లో రాయలేదు మీరు" అంది. నిజంగానే మర్చిపోయాను. రిజిస్టర్ వెంటే తెచ్చింది, పెన్ను కూడా.